పళ్ళ చప్పుడు ఆగేదాకా

మార్కాలా,
1996 ఫిబ్రవరి 25, ఆదివారం.

ఎంతో గౌరవనీయులైన దోన్యా ఎర్లిందా గారికి,

కొండమీది నుంచి మీ ఒదిలియా నమస్కారాలు. దేవుడి దయవల్ల ఇక్కడ మేమంతా వేళకింత తిని, తోటలో తిరిగి, ఒకరితో ఒకరం పోట్లాడుకుంటూ బాగానే ఉన్నాం. అక్కడ సాన్ లొరెన్సోలో మీ మోకాళ్ళూ, జీడిపప్పు వేయించే మీ మూకుడూ, మీ నోరూ కూడా అంతే బాగున్నాయని తలుస్తాను. సముద్రం ఒడ్డున ఇప్పటికే ఎండలు మండిపోతున్నాయని బస్సు నడిపే రుపెర్తో చెప్పాడు. పొయ్యి దగ్గర ఎక్కువసేపు కూర్చోకండి. కూర్చోవద్దంటే మీరు కావాలని కూర్చునే మనిషని నాకు తెలుసు, అయినా రాస్తున్నాను.

మీరు వెళ్ళే రోజు బస్సు దగ్గర నేనేమీ మాట్లాడలేదని మనసులో పెట్టుకోకండి. మాట్లాడదామనే వచ్చాను. దారంతా మాటలు పేర్చుకుంటూ వచ్చాను. తీరా రుపెర్తో హారన్ కొట్టేసరికి వాటన్నిటినీ మింగేశాను. మీ ఒళ్ళో మొక్కజొన్న టమాలెల మూట పెట్టి పక్కకు తిరిగి నిలబడ్డాను. మీరు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమే, ఇన్నాళ్ళూ నాతో సరిసమానంగా అరిచావు, ఇప్పుడు నోరు పడిపోయిందా?" అని కేక వేశారు. బస్సులో వాళ్ళంతా నవ్వారు. ఆ రోజు మింగిన మాటలన్నీ ఇవాళ కాగితం మీద పెడుతున్నాను. నా దస్తూరి బాగోదు, ఓపిగ్గా చదువుకోండి.

ముందు మీరు అడగబోయే మొదటి ప్రశ్నకు జవాబు. ఆగింది. మీరు బస్సెక్కిన దగ్గర్నుంచి ఒక్క రాత్రి కూడా పళ్ళ చప్పుడు లేదు. మీ మనవరాలు నోరు తెరుచుకుని హాయిగా పడుకుంటోంది. పొద్దున లేచి దవడ పట్టుకోవడం లేదు. మొక్కజొన్న కంకి కూడా తనే కొరుక్కు తింటోంది. బుగ్గల్లో రంగు వచ్చింది. మా పక్కింటి గోయా అత్త అయితే ఇదంతా చంద్రుడు మారబట్టే అంటోంది. ఆవిడతో వాదించే ఓపిక నాకు లేదు. మీరుంటే వాదించేవారు.

అసలు ఈ గొడవ ఎలా మొదలైందో మీకు సగమే తెలుసు. మీరు వచ్చేసరికే నేను తప్పుల మీద తప్పులు చేసి కూర్చున్నాను, పైగా మీరు నన్ను మాట్లాడనిస్తేగా! నిరుడు వానాకాలం చివర్లో దరియెలా నిద్రలో పళ్ళు కొరకడం మొదలుపెట్టింది. మామూలు కొరకడం కాదు. కాఫీ పండ్లు ఒలిచే మరలో గులకరాయి పడితే గరగరమంటుందే, అలా. మీ అల్లుడు ఎల్విన్ సంగతి మీకు కొత్త కాదు. నెత్తిన పిడుగు పడ్డా ఆయన పక్కకు తిరిగి పడుకుంటాడు. వినేదాన్ని నేనొక్కదాన్నే. తెల్లారేసరికి పిల్ల మొహం వేలాడేసుకుని కూర్చునేది. టోర్తియ్యా రొట్టె ముక్క నోట్లో పెడితే నమలలేక చేతిలోకి ఉమ్మేసేది.

గోయా అత్త చెవిన వేయడమే ఆలస్యం, "పురుగులే!" అని తేల్చేసింది. పళ్ళు కొరికితే పురుగులు, ముక్కు గోక్కుంటే పురుగులు, లెక్కలు రాకపోయినా పురుగులే ఆవిడకు. వెన్నెల తరిగే రోజుల్లో పరగడుపున అపసోతె ఆకు దంచి రసం తీసి, వెల్లుల్లి కలిపి, పైన ఆముదం పట్టించాలట. ఆ మాట కూడా నన్ను పెరట్లోకి లాక్కెళ్ళి చెవిలో గుసగుసగా చెప్పింది. పిల్ల ముందు గట్టిగా అంటే కడుపులో పురుగులు విని లోపలికి దాక్కుంటాయట. నేను కూడా గుసగుసగానే "సరే" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది. అప్పుడు రాలేదు.

మీరు వచ్చీ రాగానే, "మందు పోసేముందు నీ బుర్ర ఎక్కడ తాకట్టు పెట్టావు?" అని అడిగారు కదా. అప్పుడు జవాబు చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను. కన్నతల్లి మందు పట్టించకపోతే, "పోనీలే, ఆవిడ బిడ్డ, ఆవిడకు తెలియదా" అంటారు జనం. నేను పట్టించకపోతే, "సవతి తల్లి, దానికేం పట్టింది" అంటారు. మార్కాలాలో ప్రతి గుమ్మంలోనూ ఒక కన్ను నా మీదే ఉండేది. అందుకని పిల్ల ముక్కు మూసి మరీ పట్టించాను. చంద్రుడు తరిగినప్పుడల్లా పట్టించాను. పురుగు అన్నది ఒక్కటీ పడలేదు. పిల్ల మాత్రం గాలికి వాలిపోయేలా తయారైంది. ఒకనాడు నీళ్ళ తొట్టి దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. ఆ కబురును రుపెర్తో తన బస్సులో టికెట్ లేకుండా మోసుకెళ్ళి మీ గుమ్మంలో దించాడు.

తర్వాతి బస్సుకే మీరు దిగారు. భుజాన జీడిపప్పు సంచి, చేతిలో ఎండు రొయ్యల బుట్ట, మొహం నిండా ఉరుము. నన్ను పలకరించలేదు. దరియెలా కనురెప్ప పైకెత్తి చూసి, పెదవి కిందికి లాగి చూసి, అప్పుడు మా ఇద్దరి వైపు తిరిగారు. "నా కూతురు యమిలెత్ పోతూ పోతూ మీకు పిల్లను అప్పజెప్పింది, పీనుగును కాదు," అన్నారు. "ఈ పళ్ళ చప్పుడు ఆగేదాకా ఇక్కణ్ణుంచి కదలను. బడులు తెరిచేలోపు ఆగిందా సరే. ఆగలేదా, పిల్లను నాతో తీసుకుపోతా. అక్కడే బళ్ళో వేస్తా. ఎవడు అడ్డమొస్తాడో చూస్తా!" అన్నారు. ఎల్విన్ తన టోపీ లోపల ఏముందో వెతుకుతున్నట్టు దానిలోకే చూస్తూ నిలబడ్డాడు. దరియెలా మీ పావడా పట్టుకుని అంతా వింటోంది.

నేను గాదె వెనక్కు పోయి ఏడ్చాను. మీమీద కోపంతో కాదు. ఏణ్ణర్ధంగా ఆ పిల్లకు జడ వేస్తున్నాను. నేను ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో నాతో మాట్లాడేది కాదు. నా పేరు పెట్టి "ఒదీ, ఆకలేస్తోంది" అని మొదటిసారి పిలిచిన రోజు నేను వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. నన్ను కన్నతల్లి నాకు ఊహ తెలియకముందే పోయింది, మా పిన్ని ఇంట్లో అంట్లు తోముతూ పెరిగాను. ఇది నాది అని చెప్పుకోవడానికి నాకంటూ వచ్చింది ఈ పిల్లే. దాన్ని మీరు బస్సెక్కిస్తే నేనేం చేయగలను? చేయగలిగింది ఒక్కటే, పళ్ళ చప్పుడు ఆపడం. అందుకే మీరేం చెబితే అది చేశాను. కొన్నిసార్లు మీమీద అరుస్తూ చేశాను. కానీ చేశాను.

ఆరోగ్య కేంద్రంలో ఆ పడుచు డాక్టరమ్మ గుర్తుందా? పరీక్ష చేయించి కడుపులో పురుగులు లేవని చెప్పింది. ఈ వయసు పిల్లలు చాలామంది నిద్రలో పళ్ళు కొరుకుతారనీ, ఎక్కువమంది వాళ్ళంతట వాళ్ళే మానేస్తారనీ అంది. అయితే ఈ పిల్ల మరీ పాలిపోయింది, ఇక అపసోతె చుక్క కూడా పట్టించొద్దు అంది. తర్వాత, "రాత్రి పడుకునే ముందు ఏం తాగుతుంది?" అని అడిగింది. "కాఫీ," అన్నాను. డాక్టరమ్మ రాస్తున్న చెయ్యి ఆగిపోయింది. "ఎంత?" అంది. "మేమంతా ఎంత తాగితే అంత," అన్నాను. మీరు కుర్చీలోంచి లేచి, "పసిపిల్లకు కాఫీయా? రాత్రిపూటా?" అని అంత పెద్ద గొంతుతో అరిచారు, బయట వరసలో కూర్చున్నవాళ్ళు తొంగిచూశారు. నాకూ ఒళ్ళు మండింది. "మా ఊళ్ళో పిల్లలకు చనుబాలు మాన్పించేదే కాఫీతో! మా అమ్మమ్మా తాగింది, మా గాడిదా తాగింది, ఎవరికీ పళ్ళు అరగలేదు!" అని నేనూ అరిచాను. డాక్టరమ్మ మనిద్దరినీ చూసి, పాపం, మంచినీళ్ళు తాగింది.

ఏం చేయను చెప్పండి. మాకు కాఫీ అంటే తాగేది మాత్రమే కాదు. కాఫీయే బియ్యం, కాఫీయే బట్ట, కాఫీయే పండగ. ఈ ఊళ్ళో కాఫీని ఒక మాట అనడమంటే చర్చిలో నిలబడి ఫాదర్ని తిట్టినట్టే. ఊరంతా పిల్లలకు గిన్నెలతో కాఫీ పోస్తుంది, గట్టి రాస్కియ్య బిస్కెట్టు ముంచి తినిపిస్తుంది, రాత్రి వాడు పళ్ళు కొరికితే పురుగులకు మందు పోస్తుంది. ఎవరికీ అనుమానం రాలేదు. నాకూ రాలేదు. బయటి ఊరి మనిషి మీరు వచ్చి కూర్చుంటే తప్ప ఆ గిన్నె మా కంటికి కనిపించలేదు.

డాక్టరమ్మ మందులు రాసేముందు తిండి చెప్పింది. ఆకుకూరలు, గుడ్లు, బీన్స్, అరటిపండ్లు, పాలు, గుమ్మడి గింజలు, జీడిపప్పు. వీటిలో మెగ్నీషియం అనేది ఉంటుంది, కండరాలకు మంచిది అంది. జీడిపప్పు పేరు వినగానే మీ మొహం వెలిగిపోయింది. "డాక్టరమ్మా, ఆ ముక్క ఒక్కటి కాగితం మీద రాసి ముద్ర వేసి ఇయ్యి, నా బండికి తగిలించుకుంటా," అన్నారు. ఆమె నవ్వి విటమిన్ల సిరప్పు సీసా ఇచ్చింది. పొద్దుటెండలో ఆడుకోనివ్వమంది. "వీటితో రేపటికల్లా ఆగిపోతుందని మాత్రం నేను చెప్పను. దవడకు విశ్రాంతి, కడుపుకు తిండి, పడుకునే ముందు కాస్త నెమ్మది, అంతే," అంది. ఆ మాట నాకు నచ్చింది. ప్రమాణాలు చేసేవాళ్ళను అప్పటికే చాలామందిని చూశాను.

ఇంటికి రాగానే మీరు వేసిన మొదటి శాసనం సంగతి ఊరంతా ఇంకా చెప్పుకుంటోంది. పొద్దువాలాక మా ఇంట్లో ఎవరూ కాఫీ తాగకూడదు. వాసన వస్తే పిల్లకు నోరూరుతుంది కాబట్టి మేమూ తాగకూడదు. కోత కాలంలో, బస్తాలకు బస్తాలు కాఫీ పండ్లు పెరట్లో ఉండగా, మా పొయ్యి మీద మొక్కజొన్న జావ కాగింది! మీ అల్లుడు కోడి పడుకుందో లేదో చూసొస్తానని గోయా అత్త ఇంటికి పోయేవాడు. తిరిగొచ్చాక మీరు మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసేవారు. "కాఫీ తోటలో పుట్టినవాడు కాఫీని దొంగతనంగా తాగి వస్తున్నాడు చూడవే!" అని మీరు పెట్టిన కేకకు దరియెలా నవ్వీ నవ్వీ జావ ముక్కులోంచి వచ్చింది. చాలాకాలం తర్వాత అది అలా నవ్వడం అదే మొదలు.

ఆ తర్వాత వంటిల్లు మీదైపోయింది. కామంచి ఆకు పప్పులో గుడ్డు కొట్టి వేశారు. బీన్స్ మీద గుమ్మడి గింజల పొడి చల్లారు. ఆ పొడి చూసి గోయా అత్త గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "గుమ్మడి గింజలు పురుగుల మందే కదా! నేను చెప్పినప్పుడు మాత్రం నేను పిచ్చిదాన్ని!" అంది. మీరు, "నువ్వు చెప్పింది కడుపు కడిగేయడానికి, నేను పెట్టేది కడుపు నింపడానికి. కూర్చో, నువ్వూ తిను, చిక్కిపోయి నీకూ ఎముకలు కనిపిస్తున్నాయి," అన్నారు. గోయా అత్త లావు సంగతి ఊరందరికీ తెలుసు. ఆవిడ కూర్చుని రెండు పళ్ళేలు తినేసింది. ఆ రోజు నుంచి మీకు స్నేహితురాలైపోయింది. తిట్టుకోకుండా మీ ఇద్దరికీ పొద్దు గడవలేదు.

సిరప్పుతో మాత్రం యుద్ధమే. నారింజ రుచి అని సీసా మీద రాసి ఉంది, దరియెలా మాత్రం తుప్పు రుచి అంది. చెంచా చూడగానే కాఫీ చెట్ల మధ్యకు పరుగు. మీరు మోకాళ్ళు పట్టుకుని గట్టు మీద కూర్చుని, "నేను కూడా ఒక చెంచా తాగుతా, నువ్వూ తాగు," అన్నారు. తాగి మొహం పెట్టిన తీరుకు పిల్ల జాలిపడి తనూ తాగింది. ఆ సీసా సగం మీరే తాగారు. మీ మోకాళ్ళు కాస్త నయమైతే ఎందుకో తెలిసింది కదా.

ఒక మధ్యాహ్నం సంగతి నేనెప్పటికీ మరిచిపోను. వాకిట్లో కాఫీ గింజలు ఏరుతున్నాం మనిద్దరం. దరియెలా పక్కనే గోనె సంచి మీద కునుకు తీస్తోంది. పళ్ళ చప్పుడు మొదలైంది. నేను లేచి దవడ సర్దబోతే మీరు నా చెయ్యి పట్టి ఆపారు. "కొంచెంసేపు ఉండనీయవే," అన్నారు. "యమిలెత్ కూడా చిన్నప్పుడు ఇలాగే కొరికేది. సరిగ్గా ఇదే చప్పుడు. తెల్లవార్లూ తిట్టుకునేదాన్ని దీన్ని. ఇప్పుడు వింటుంటే పక్క గదిలో అది పడుకున్నట్టుంది," అన్నారు. గింజలు ఏరుతూనే ఏడ్చారు. నాకేం చేయాలో తోచక మీ చేటలోని పుచ్చు గింజలు కూడా నేనే ఏరాను. ఆవిడ బట్టలు కొన్ని ఇంకా మా పెట్టెలో ఉన్నాయి. నేను వాటిని ఎప్పుడూ కదపలేదు. ఆ రోజు మీరే తీసి, జాకెట్టు కుట్లు విప్పి, దరియెలాకు గౌను కుట్టమని నా చేతికిచ్చారు. నమ్మి ఇచ్చారు. దానికి నేనెంత సంతోషపడ్డానో అప్పుడు చెప్పలేకపోయాను.

క్రిస్మస్ దాటేసరికి చప్పుడు తగ్గింది. జనవరిలో మరీ తగ్గింది. కొన్ని రాత్రులు అసలే లేదు. పిల్లకు ఒళ్ళు వచ్చింది. డాక్టరమ్మ చూసి మెచ్చుకుంది. నేను లోలోపల గంతులేశాను. బడులు తెరిచే రోజు దగ్గరపడుతోంది, పిల్ల నాకు దక్కింది అనుకున్నాను. సరిగ్గా అప్పుడే, జనవరి చివర్లో, మీరు తిరుగు ప్రయాణం మాట ఎత్తిన వారమే, చప్పుడు తిరగబెట్టింది. మధ్యాహ్నం కునుకులో, రాత్రి మీరు జపమాల తిప్పుతూ పక్కన కూర్చున్నప్పుడు, మళ్ళీ అదే గరగర. మీరు దిగులుగా, "ఈ కొండ గాలే పడట్లేదేమో దీనికి," అన్నారు. నేను తల వంచుకుని జావ కలిపాను. ఎల్విన్ను అడిగితే, "ఆవిడ ఇష్టం," అన్నాడు. ఆయనకు ఎప్పుడూ ఎవరో ఒకరి ఇష్టమే.

బడికి ముందు ఆదివారం. దరియెలా కింది పన్ను నూలుపోగంత ఆధారంతో వేలాడుతోంది. వీధిలోంచి చేత్తో నోరు మూసుకుని ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది. గుమ్మంలో గోయా అత్త దారం ఉచ్చు పట్టుకుని సిద్ధంగా ఉంది. మీరు అరుగు మీద రెండు చేతులూ చాచి, "రా తల్లీ, నేను చూస్తా," అన్నారు. అది మీ ఇద్దరినీ దాటుకుని వెనక పెరట్లోకి వచ్చింది. నేను బట్టలు ఉతుకుతున్నాను, మోచేతుల దాకా సబ్బు. నా ముందు నిలబడి నోరు తెరిచింది. నేను పావడాకు చెయ్యి తుడుచుకుని, ఊ అనేలోపు పన్ను తీసేశాను. అది ఏడుపు ఆపి, పన్నును ఇంటి కప్పు మీదికి విసిరి, మళ్ళీ ఆడుకోవడానికి పోయింది. తల ఎత్తి చూస్తే మీరు పెరటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎప్పుడు వచ్చారో తెలియదు.

ఆ సాయంత్రం మీరు మాట్లాడలేదు. మీరు మాట్లాడకపోతే ఇల్లు ఎంత పెద్దదిగా కనిపించిందో! మర్నాడు పొద్దున్నే పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళారు. బస్సు దగ్గరికే అనుకున్నాను. పొయ్యి ముందు కూర్చుండిపోయాను. తిరిగొచ్చి, "బళ్ళో వేసి వచ్చా. ఇక్కడి బళ్ళోనే," అన్నారు. "పళ్ళు కొరికితే కొరుక్కోనీ, అదే పోతుంది. నేను చూడాల్సింది చూశాను," అన్నారు. "సాయంత్రం కాఫీ పోశావని తెలిసిందో, రుపెర్తో బస్సు కాదు, నడిచి వస్తా," అని కూడా అన్నారు.

మీకు నేను ఎలా కృతజ్ఞత చెప్పుకోవాలి? మీరు పిల్లకు తిండి పెట్టారు, నాకు వంట నేర్పారు, ఊళ్ళో వాళ్ళ నోళ్ళు మూయించారు. మీరు చేర్పించాక బళ్ళో పంతులమ్మ నన్ను 'దరియెలా వాళ్ళమ్మ' అని పిలుస్తోంది. నన్ను తిట్టిన మొదటి పెద్దావిడ మీరు కారు. కానీ తిట్టి, వెంటనే పక్కన కూర్చోబెట్టుకుని తినిపించింది మీరొక్కరే. నాకు తల్లి ఉంటే ఎలా ఉండేదో నేను ఎప్పుడూ ఊహించుకోలేకపోయేదాన్ని. ఇప్పుడు ఊహించుకోగలను. కాస్త గట్టిగా అరుస్తుంది, అంతే తేడా.

కోత అయిపోవచ్చింది. ఈ ఉత్తరంతో పాటు రుపెర్తో చేత కాఫీ పొడి పంపుతున్నాను, పొద్దున మాత్రమే తాగండి. గోయా అత్త మిమ్మల్ని అడిగానని చెప్పమంది, జీడిపప్పు అయిపోయిందని కూడా చెప్పమంది. ఎల్విన్ ఇప్పటికీ పొద్దువాలాక ఇంట్లో కాఫీ తాగడు. మీరు ఏ గుమ్మంలోంచి వస్తారోనని భయం.

దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. మోకాళ్ళకు నూనె రాసుకోండి.

మీ మేలు ఎన్నటికీ మరువని,
ఒదిలియా

తా.క. ఉత్తరం మడిచి జిగురు కూడా పెట్టాను. మళ్ళీ చింపి రాస్తున్నాను, ఇది మీకు చెప్పకపోతే నాకు తిండి సహించేలా లేదు.

జనవరి చివర్లో తిరగబెట్టిన చప్పుడు దొంగ చప్పుడు. నాకు అప్పుడే తెలుసు. ఒక మధ్యాహ్నం దరియెలా ఊయల మంచంలో పడుకుని ఉంది, నేను కిటికీ అవతల కట్టెలు పేరుస్తున్నాను. మీ చెప్పుల చప్పుడు వినపడగానే గరగర మొదలైంది. మీరు కాసేపు కూర్చుని లేచి వెళ్ళగానే ఆగింది. తొంగిచూస్తే పిల్ల కళ్ళు పెద్దవి చేసి పెరట్లో కోళ్ళను చూస్తోంది, నిద్ర లేదూ పాడూ లేదు. మీ అడుగులు మళ్ళీ వినపడేసరికి కళ్ళు మూసుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

ఆ క్షణమే మిమ్మల్ని పిలిచి చూపిస్తే పిల్ల నాకు దక్కేది. కానీ చప్పుడు ఆగకపోతే తీసుకుపోతానని మీరన్న మాట అది మీ పావడా పట్టుకుని విన్నది. విని కూడా కొరుకుతోందంటే మీతో వచ్చేయాలని ఉందన్నమాట, నా దగ్గర ఉండడం ఇష్టం లేదన్నమాట అనుకున్నాను. అడ్డం పడడానికి నాకు మనసొప్పలేదు. మీకు చెప్పలేదు. దాని బట్టలన్నీ ఉతికి, మడిచి, సంచిలో సర్ది మంచం కింద పెట్టాను. మీరు బళ్ళో వేశాక దానికి కావలసిన గౌనులు పైపైనే తీసి ఇచ్చాను కానీ, ఆ సంచి పూర్తిగా విప్పే ధైర్యం చేయలేదు. పన్ను తీయడానికి నా దగ్గరికి వచ్చినా నా అనుమానం తీరలేదు.

ఇవాళ మీ ఉత్తరానికి జిగురు పెట్టి, టోర్తియ్యాలు కాలుస్తూ, ఉండబట్టలేక అడిగేశాను, అమ్మమ్మ ఉన్నప్పుడు దొంగగా ఎందుకు కొరికావే అని. అది సిగ్గుపడలేదు సరికదా, "ఆగిపోతే అమ్మమ్మ బస్సెక్కేస్తుందిగా," అంది. ఆగకపోతే నిన్ను తీసుకెళ్ళిపోయేది, తెలీదా అన్నాను. "తెలుసు," అంది. మరి నా సంగతేంటే అన్నాను. వెర్రిదాన్ని చూసినట్టు చూసింది నన్ను. "నువ్వూ వచ్చేదానివిగా ఒదీ. నీ పచ్చ గౌను కూడా సంచిలో పెట్టాను, చూళ్ళేదా?" అంది. మరి నాన్నో అని అడిగాను. "నాన్న కాఫీ లేకుండా ఉండలేడు," అంది.

మంచం కింద సంచి లాగి చేయి పెట్టి చూశాను. అడుగున నా పచ్చ గౌను ఉంది, మడత కూడా పెట్టకుండా కుక్కి ఉంది.

అమ్మా, ఈస్టర్ వారానికి మీరు రండి. రాకపోతే ఆ సంచి పట్టుకుని మేమిద్దరం వచ్చేస్తాం.